బానకు చెరో పక్క

రానిన్ వస్తోందన్న కబురు అరటిగెలల పడవ మీద వచ్చింది. పడవవాడు మోటారు ఆపలేదు సరికదా, వేగం కూడా తగ్గించకుండా ఒడ్డున బట్టలు ఉతుకుతున్న ఆడవాళ్ళకేసి తిరిగి, "పెకోన్ వాళ్ళమ్మ పండక్కొస్తోందర్రోయ్! కూతుళ్ళందర్నీ వెంటేసుకుని మరీ వస్తోంది! ఎల్లుండి పొద్దున్నకల్లా దిగుతారు!" అని గొంతు చించుకుని, మలుపు తిరిగి మాయమైపోయాడు. ఎవరి చేతిలో బట్ట వాళ్ళ చేతిలోనే ఉండిపోయింది.

రెషిన్ సగం పిండిన బట్టల్ని బుట్టలో కుక్కి, చెప్పులు ఒడ్డునే మర్చిపోయి ఇంటికి పరుగందుకుంది. గుండె దడదడలాడుతోంది. అందులో భయం కొంత, సంబరం చాలా. ఉకయాలి ఏటి పొడుగునా రానిన్ పేరు తెలియని ఆడది లేదు. కుండ మీద ఆవిడ గీసిన గీత చూసి మా ముసలాళ్ళు కూడా నోరు తెరుస్తారు. ఆ రానిన్ కూతురే పెకోన్. రెషిన్ అన్న సేనెన్‌కి పెళ్ళాం. అంటే రెషిన్‌కి స్వయానా వదిన.

ఇంట్లో పెకోన్ కర్రపెండలం నములుతూ కూర్చుంది. పండగకి మసాతో అనే పెండలం కల్లు పులియబెట్టాలంటే ఉడికిన పెండలాన్ని ఎవరో ఒకరు నమిలి కుండలోకి ఉమ్మాలి కదా, ఆ పని ఆమెది. రెండు బుగ్గలూ ఉబ్బి ఉన్నాయి.

"వదినా! మీ అమ్మ వస్తోంది!"

పెకోన్ ముద్ద ఉమ్మి, మూతి తుడుచుకుంది. "విన్నాలే. ఆ పడవవాడి గొంతు మా ఊరిదాకా వినపడుంటుంది."

"కూతుళ్ళందరితోనట!"

"మరి? మా అమ్మ ఒక్కతే ఎప్పుడు నవ్వింది కనక? ఒకరి బాన చూసి నవ్వాలంటే పక్కన వంతపాడేవాళ్ళు ఉండాలి ఆవిడకి."

ఆ మాటకి ఇద్దరూ ఒకేసారి ఇంటి మధ్యలోకి చూశారు. అక్కడ నిలబడి ఉంది బాన, ఇంకా కాల్చని బాన. రెషిన్ తల్లి వెస్నా మట్టి తాళ్ళు పేని, ఒకదాని మీద ఒకటి చుట్టుకుంటూ లేపి, గులకరాయితో నునుపు చేసి, పైసగానికి తెల్లమట్టి పూత పూసి ఆరబెట్టింది. నిలబడితే మనిషి రొమ్ములదాకా వస్తుంది. కింద కూర్చుంటే అవతల ఏముందో కనపడదు. పండగనాడు మసాతో అంతా అందులోకే పోస్తారు, వచ్చినవాళ్ళందరూ అందులోంచే తాగుతారు. గీతలు మాత్రం ఇంకా పడలేదు.

అసలు చిక్కంతా ఆ గీతల్లోనే ఉంది. పెద్ద బాన మీద గీతలు మాలో ఒక్కతే వెయ్యదు. ఇద్దరు వేస్తారు. ఇటొకరు, అటొకరు కూర్చుంటారు. లేచి అవతలికి వెళ్ళి చూడకూడదు, అడగకూడదు, చెప్పకూడదు. ఎవరి వైపు నడిమి నుంచి వాళ్ళు మొదలుపెట్టి రెండంచులదాకా వేసుకుంటూ పోతారు. అంచు దగ్గర రెండు వేళ్ళ మేర తెల్లగా వదిలేస్తారు. చివరికి బాన తిప్పి చూస్తే ఇటు గీతలకి అటు గీతలు ఎదురెదురుగా వచ్చి నిలబడాలి. నిలబడితే ఇంటి పెద్దది ఆ రెండు వేళ్ళ మేరా కలిపేస్తుంది. వెస్నా, ఆవిడ చెల్లెలు బతుకంతా అలాగే వేశారు. చెల్లెలు పోయాక వెస్నా కుంచె పట్టలేదు. ఇప్పుడు ఆ చోట్లలో కూర్చోవలసింది రెషిన్, పెకోన్. ఇద్దరూ కలిసి పెద్ద బాన ముందు కూర్చోవడం ఇదే మొదలు.

మా ఏటి ఆడవాళ్ళకి ఒక పాడలవాటు కూడా ఉంది. ఎవరింటికి పండక్కి వెళ్ళినా ముందు బాన దగ్గరికి పోతారు. ఒక గీత మీద వేలు పెట్టి చుట్టూ తిరుగుతారు. వేలు ఎక్కడా ఆగకుండా మొదలెట్టిన చోటికి వచ్చిందా, సరే. మధ్యలో గీత తెగిందా, 'హూ...' అని ఊరంతా వినపడేలా ఊళ పెడతారు. ఆ ఊళ పడ్డ ఇంటి ఆడవాళ్ళు ఏడాది తిరిగేదాకా తలెత్తుకోలేరు.

"రేపే వేసెయ్యాలి," అంది రెషిన్ ఊపిరి పీల్చుకోకుండా. "అమ్మ వేసినట్టు మూలలు తిప్పుకుంటూ, లావు గీతలతో..."

"మూలలా? మా అమ్మ ముందు మూలలు పెడతావా? వంకీలు తిప్పాలి. సన్నగా, వత్తుగా."

"నీ వంకీలా! ఎండకి గిలగిల్లాడే వానపాముల్లా ఉంటాయి."

"నీ గీతలు మరి? ఇంటి కప్పుకి కట్టిన వాసాలు. పైకెక్కి తాటాకు కప్పడమే తరువాయి."

మూల కూర్చుని చేపలు తోముతున్న వెస్నా కత్తి పైకెత్తింది. "నోళ్ళు ముయ్యండే! ముందే చెప్పుకుని వేసేదానికి ఇద్దరెందుకు? ఒక్కతే చుట్టూ తిరిగి వేసుకోదూ? రేపు కూర్చోండి. మీ చేతులు ఏం మాట్లాడుకుంటాయో అవే మాట్లాడుకుంటాయి."

మామూలు రోజైతే అక్కడితో ఆగేది. వదినా మరదళ్ళు పొద్దున ఉప్పు దగ్గర, మధ్యాహ్నం కట్టెల దగ్గర, సాయంత్రం దీపం దగ్గర మాటామాటా అనుకోవడం ఆ ఇంట్లో గాలీ వెలుతురూ లాంటిది. కానీ ఇవాళ తల్లి వస్తోందన్న కబురు పెకోన్ ఒంట్లో వేడి పుట్టించింది.

"నేనీ ఇంటికొచ్చి మూడు వానాకాలాలైంది. ఏనాడైనా నా గీత బావుందన్నావా నువ్వు?"

"నువ్వన్నావా నాది బావుందని?"

"సరే అయితే. అందరూ వినండి!" పెకోన్ లేచి నిలబడింది. పక్కిళ్ళకి గోడలు లేవు, మాకెవరికీ లేవు, అందరూ విననే వింటున్నారు. "రేపు గీతలు కలిశాయా, ఇక్కడే ఉంటాను. కలవలేదా, మా అమ్మ పడవెక్కి వెళ్ళిపోతాను. నా మొగుడొస్తే వస్తాడు. రాకపోతే ఇక్కడే చేపలు పట్టుకుంటాడు."

"పోతే పో! ఎవరాపారు?" అంది రెషిన్.

అనేసింది. అన్న మరుక్షణం నాలిక కొరుక్కుంది. ఎందుకంటే అది ఉత్త బెదిరింపు కాదు. మాలో అల్లుడే అత్తారింటికి వెళ్ళి ఉండాలి. వెస్నాకి జ్వరం ముదిరినప్పుడు సేనెన్ పెళ్ళాన్ని తీసుకుని తల్లి దగ్గరికి వచ్చాడు, వచ్చినవాడు వచ్చినట్టే ఉండిపోయాడు. కూతుర్నీ అల్లుణ్ణీ పంపమని రానిన్ ప్రతి పడవ మీదా కబురు పెడుతూనే ఉంది. ఇప్పుడు తనే వస్తోంది. పెకోన్ మూట కట్టుకుంటే ఆపడానికి ఎవరికీ హక్కు లేదు.

ఆమె వెళ్ళిపోతే? చేపలకి మసాలా ఆకు చుడుతూ రెషిన్ అదే ఆలోచించింది. వదిన లేని ఇంటిని ఊహించుకోలేకపోయింది. ఊళ్ళో ఆడవాళ్ళు చాలామందే గీస్తారు. కానీ రెషిన్ ఒక గిన్నె వేసి పక్కన పెట్టగానే, దాన్ని చూసి రోషంతో మర్నాటికి అంతకంటే మంచి గిన్నె వేసేది పెకోన్ ఒక్కతే. అది చూసి రెషిన్‌కి నిద్ర పట్టేది కాదు. మూడేళ్ళుగా తన చెయ్యి ఇంత పదునెక్కిందంటే ఆ నిద్రలేమి వల్లే. వదినంటే తనకి ఇష్టం. చచ్చేంత ఇష్టం. ఆ మాట నోరు విప్పి చెప్పడం కంటే మొసలి నోట్లో చెయ్యి పెట్టడం తేలికనిపించింది ఆమెకు.

అందుకని ఇంకో దారి వెతుక్కుంది. పెకోన్ మొండిది, మూలలు తిప్పదు. రానిన్ కూతురు వాసాలు వేస్తుందా? వెయ్యదు. కాబట్టి గీతలు కలవాలంటే తనే వంగాలి. తనే వంకీలు వెయ్యాలి, సన్నగా, వత్తుగా, అచ్చం వదిన వేసినట్టు. ఎవరికీ చెప్పదు. బాన తిప్పాక గీతలు కలిసిపోతాయి, వదిన ఉండిపోతుంది, అంతే.

తన కుంచె దానికి పనికిరాదు. కుంచె అంటే చిన్న పుల్లకి దారంతో కట్టిన జుట్టే కదా. రెషిన్ జుట్టు మోటు, వాళ్ళ ఇంటందరి జుట్టూ అంతే, లావు గీతలకే సరిపోతుంది. పెకోన్‌ది పట్టులాంటి జుట్టు. రెషిన్ చుట్టూ చూసింది. ఆమె నాలుగేళ్ళ కూతురు ఉయ్యాల్లో నిద్రపోతోంది. నుదుటి మీద ఇంకా మోటెక్కని మెత్తటి జుట్టు. కత్తెరతో ఒక్క కుచ్చు తీసింది. పిల్ల నుదురు ఒక పక్కన ఎలక కొరికినట్టయింది. 'పెరుగుతుందిలే తల్లీ' అని ముద్దు పెట్టుకుని కుంచె కట్టుకుంది.

తెల్లవారి సేనెన్ చేపలు తెచ్చాడు. ఎండ ఇంకా రానేలేదు, టోపీ మాత్రం చెవులదాకా లాక్కుని ఉన్నాడు.

"ఏంటన్నయ్యా, ఆ టోపీ?"

"చలి."

"చలా! ఉక్క పోసి చస్తుంటేను!"

"నాకు చలి. నీకెందుకు?" అంటూ చేపల్ని విసిరినట్టు పడేసి వెళ్ళిపోయాడు.

వెస్నా ఇద్దర్నీ వెల్లకిలా పడుకోబెట్టి కళ్ళలో తుంగగడ్డ రసం పిండింది. గీతలు ముందే కళ్ళకి కనపడాలని అలా చేస్తారు. మంట నషాళానికెక్కింది. రెషిన్ కళ్ళు తుడుచుకుంటూ లేచేసరికి లోకమంతా వంకీలు వంకీలుగా ఆడుతోంది. మంచి శకునమే అనుకుంది.

కూర్చున్నారు. ఇటు రెషిన్, అటు పెకోన్, మధ్యలో తెల్లటి బాన. పక్కన నల్లరాయి నూరిన రంగు, ఎర్రమట్టి రంగు. ఊరి ఆడవాళ్ళంతా పిల్లల్ని చంకనేసుకుని వచ్చి చుట్టూ చేరారు. మెట్ల మీద కూడా చోటు లేదు.

రెషిన్ మొదటి గీత వేసింది. పుట్టి బుద్ధెరిగాక వంకీ తిప్పింది లేదు. మూల రాగానే చెయ్యి అలవాటుగా టక్కున తిరగబోతుంది, దాన్ని పట్టి ఆపి గుండ్రంగా జార్చాలి. పెకోన్ చిటికెన వేలు ఎలా ఎత్తి పట్టుకుంటుందో గుర్తు చేసుకుని తనూ ఎత్తింది. అరే, కుదిరింది! గీత సన్నగా, ఏటి మలుపులా, మెత్తగా దిగిపోయింది. ఒళ్ళంతా జలదరించింది ఆమెకు. రెండోది వేసింది. మూడోది ఇంకా బాగా వచ్చింది. ఇదా, ఇన్నాళ్ళూ వదిన ఒక్కతే దాచుకుని అనుభవిస్తున్నది!

చెయ్యి పారాలంటే మాలో పాట కూడా ఉండాలి. ఒక్కో గీతకి ఒక్కో రాగం. రెషిన్ పెదాలు కదలకుండా పెకోన్ వాళ్ళ ఊరి రాగం అందుకుంది. కాసేపటికి బాన అవతలి నుంచి కూడా రాగం వినిపించింది. చెవి రిక్కించి వింది. అది వెస్నా రాగం! తమ ఇంటి రాగం, మూలమూలకీ తెగి మళ్ళీ అందుకునే రాగం.

రెషిన్‌కి ఒళ్ళు మండింది. వెక్కిరిస్తోంది! ఇక్కడ నేను ఆమెని నిలుపుకోవాలని నా చేతిని నేనే విరుచుకుంటుంటే, అక్కడ కూర్చుని మా అమ్మ పాట వెక్కిరిస్తోంది! కుంచె విసిరేసి వాసాలు వేసి పారేద్దామా అనిపించింది. కానీ వెయ్యలేదు. పళ్ళు బిగించి ఇంకో వంకీ తిప్పింది.

పక్కన నిలబడ్డవాళ్ళకి బాన రెండు వైపులా కనపడుతుంది. ముందుగా పొరుగింటి మెనీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత ఆమె పక్కావిడ. తర్వాత వాళ్ళ వెనకాల ఇద్దరు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి.

"ఏయ్! నోరు జారిందో, గరిటె విరుగుద్ది!" అని వెస్నా మెనీ వీపు మీద ఒక్కటి వేసింది.

"నేనేమన్నాను పిన్నీ? దగ్గు."

"దగ్గూ లేదు గిగ్గూ లేదు. పో, కట్టెలు తీసుకురా."

చూశావా, నా గీతలు చూసే నవ్వుతున్నారు అనుకుంది రెషిన్. ముఖం వేడెక్కింది. నవ్వనీ. ఎర్రరంగు ముంచుకుని వంకీల మధ్య సన్న గీతలు నింపడం మొదలుపెట్టింది. ఇంక ఆకలి తెలియలేదు, దోమ కుట్టినా తెలియలేదు. అంచు దగ్గరికొచ్చేసరికి చెమట కళ్ళలోకి కారుతోంది. అక్కడ ప్రతి గీతనీ, వదిన అయితే ఎక్కడికి తెచ్చి ఆపుతుందో సరిగ్గా అక్కడికే తెచ్చి ఆపింది. పందెం కాయొచ్చు. ఒక్కటీ తప్పదు.

"అయింది," అంది పెకోన్ అవతలి నుంచి.

"నాదీ అయింది!" రెషిన్ గొంతు కీచుమంది.

వెస్నా, మెనీ కలిసి చెక్కపీట మీద ఉన్న బానని మెల్లిగా తిప్పారు. అతుకు ముందుకొచ్చింది. రెషిన్ మోకాళ్ళ మీద ముందుకు దూకింది. అటు నుంచి పెకోన్ కూడా దూకింది. ఇద్దరి తలలూ ఠక్కున కొట్టుకున్నాయి.

ఒక్క గీత కూడా కలవలేదు.

ఇటు వైపు సన్నటి వంకీలు జారుకుంటూ వచ్చి ఆగాయి. అటు వైపు లావుపాటి గీతలు మూలలు తిరుగుతూ వచ్చి ఆగాయి. ఇది పైన ఆగితే అది కింద. రెషిన్ కళ్ళు నులుముకుంది. అటు ఉన్నవి తన గీతలు! తన మూలలు, తన లావు, మూల దగ్గర కుంచె నొక్కి తిప్పే తన అలవాటు కూడా దిగిపోయింది. పెకోన్ చేతిలో కుంచె చూసింది. మోటు జుట్టు. తమ ఇంటి జుట్టు. సరిగ్గా అప్పుడే గుంపు వెనకాల నిలబడి తొంగి చూస్తున్న సేనెన్ టోపీని ఎవరో కొంటెది ఎగరేసింది. చెవి వెనక అరచెయ్యంత మేర బోడిగా ఉంది.

ఇంక ఆపడం ఎవరి తరం? ఇల్లు కూలిపోతుందేమోనన్నంతగా నవ్వారు ఆడవాళ్ళు. వెస్నా నేల మీద కూలబడి, పొట్ట పట్టుకుని, కళ్ళనీళ్ళు కారేదాకా నవ్వింది. వంగింది ఒకళ్ళైతే గీతలు కలిసేవి. ఇద్దరూ వంగారు. ఒకళ్ళింటికి ఒకళ్ళు బయల్దేరి, దారిలో ఎదురుపడకుండా ఇద్దరూ ఖాళీ ఇళ్ళ ముందు నిలబడ్డట్టయింది వాళ్ళ పని.

రెషిన్‌కి మాత్రం నవ్వు రాలేదు. పెకోన్‌కీ రాలేదు. దొంగతనం చేస్తూ దొరికిపోయినట్టు ఇద్దరూ ఎర్రబడి, బానకేసి చూస్తూ ఉండిపోయారు.

"మరి మాట సంగతేంటి?" అంది మెనీ, నవ్వు ఆపుకుంటూ.

అందరూ ఆగారు. పెకోన్ తలెత్తి రెషిన్‌కేసి చూసింది. చాలాసేపు చూసింది. ఒక్క మాట కోసం చూస్తోందని రెషిన్‌కి తెలుసు. ఆ మాట గొంతుదాకా వచ్చింది. ఇంతమంది ముందు, నిన్న 'పో' అన్న నోటితోనే... తల వంచుకుని కుంచె కడగడం మొదలుపెట్టింది.

"మాట మాటే," అంది పెకోన్ చివరికి. "కలవలేదు కదా."

వెస్నా కళ్ళు తుడుచుకుని లేచింది. "కడిగి మళ్ళీ వేసే పొద్దు లేదు. కాల్చండి."

బయట మూడు రాళ్ళ మీద బానని బోర్లించి చుట్టూ ఎండుకట్టెలు గుడిసెలా పేర్చారు. నిప్పంటుకుంది. ఆకాశంలో మబ్బులు కమ్ముకొస్తున్నాయి, ఒక్క చినుకు పడితే బాన పగిలిపోతుంది. ఊరంతా ఊపిరి బిగబట్టింది. లోపల ఎక్కడో 'టప్' మంది. రెషిన్ గుండె ఆగింది. కట్టె చిటపటే, బాన కాదు. మంట ఒక పక్కకి వాలితే పెకోన్ పరిగెత్తింది, ఆమె చెయ్యి చాచేలోపే రెషిన్ కట్టె అందించింది. గాలి తిరిగితే రెషిన్ అటు వెళ్ళింది, పెకోన్ చెప్పకుండానే ఇటు కాచింది. మంట తగ్గగానే ఇద్దరూ చెరో పొడుగు కర్రతో కణకణలాడే బానని లేపి నిలబెట్టారు. వేడి మీదే చెట్టు బంక రుద్దాలి. ఇటు నుంచి ఒకరు, అటు నుంచి ఒకరు, చేతులు కాలుతుంటే ఊదుకుంటూ రుద్దారు. రుద్దిన చోటల్లా గీతలు నిద్ర లేచినట్టు పైకి తేలాయి. నలుపు నిగనిగలాడింది, ఎరుపు భగ్గుమంది. పగుల్లేదు! ఎక్కడా ఒక్క పగులు లేదు!

జనం కేకలు పెట్టారు. రెషిన్ కూడా గంతేసి, ఆ ఊపులో పెకోన్ భుజం పట్టుకుంది. పెకోన్ ఒక్క క్షణం ఆమెకేసి చూసి, భుజం విడిపించుకుని, ఇంట్లోకి వెళ్ళి తన బట్టలు మూట కట్టుకుంది.

పొద్దున్నే రానిన్ దిగింది. పొట్టిగా, గుండ్రంగా, నడుముకి పూసల పట్టాతో, వెనకాల వరసగా కూతుళ్ళతో. "రండి అత్తయ్యా," అంది రెషిన్. రానిన్ తలూపి, కూర్చోనైనా కూర్చోకుండా నేరుగా బాన దగ్గరికి నడిచింది. దాని నిండా నురగలు కక్కుతూ మసాతో. కూతుళ్ళు ఊళ పెట్టడానికి అప్పుడే నోళ్ళు సిద్ధం చేసుకున్నారు. పెకోన్ మూట పక్కన నిలబడి ఉంది.

రానిన్ ఒక వంకీ మీద వేలు పెట్టింది. నడిచింది. ముఖం విప్పారింది. "ఇది నా కూతురు వేసింది. ఈ తిప్పుడు నేను నేర్పిందే. కాస్త బెరుకు కనపడుతోంది, అంతే."

వేలు అతుకు దగ్గరికొచ్చి ఆగిపోయింది.

"హూ..." అన్నారు కూతుళ్ళు. రానిన్ చెయ్యెత్తగానే టక్కున ఆపారు. ఆవిడ అవతలి పక్కకి వెళ్ళి చూసింది. "ఇది వెస్నా కూతురిది."

"తిరగేసి చెప్పు వదినా," అంది వెస్నా తాపీగా.

"ఏంటి తిరగేసేది?"

"ఆ పక్క కూర్చుంది నా కూతురు. ఈ పక్క కూర్చుంది నీ కూతురు."

రానిన్ వెస్నా ముఖంలోకి చూసింది, వేళాకోళమేమోనని. కాదు. మళ్ళీ బాన చుట్టూ తిరిగింది. ఈసారి వేలు పెట్టలేదు, ముక్కు ఆనేంత దగ్గరగా వంగి ఒక్కో వంకీ చూసింది. తర్వాత అటు పోయి ఒక్కో మూలా చూసింది.

"అమ్మా, గీతలు కలవలేదు," అంది పెకోన్ నేల చూపులు చూస్తూ. "కలవకపోతే నీతో వచ్చేస్తానన్నాను. మూట కట్టుకున్నాను. పద."

రానిన్ నడుము మీద చేతులు పెట్టుకుంది. "నేనొక కూతుర్ని తీసుకుపోదామని వచ్చాను. ఇప్పుడు ఏ పక్కన కూర్చున్నదాన్ని తీసుకుపోవాలో నువ్వే చెప్పు."

కూతుళ్ళలో ఒకతె కిసుక్కుమంది. ఇంక రెషిన్ వల్ల కాలేదు. లోపల కట్టేదో తెగినట్టు మాటలు బయటికి దూకాయి.

"మా వదినని తీసుకుపోవద్దు అత్తయ్యా! పో అన్నాను నేను. అబద్ధం. ఉత్త అబద్ధం! తను కావాలి నాకు. తను పోతే నేను ఎవరి ఎదురుగా కూర్చోను? ఎవరి గీత చూసి కుళ్ళుకోను? నీ గీత బావుంటుంది వదినా. మొదటి రోజు నుంచీ బావుంది. చూసినప్పుడల్లా ఏడుపొచ్చేంత బావుంటుంది, అందుకే ఎప్పుడూ చెప్పలేదు!"

అని, అంతమంది ముందూ భోరుమంది.

"ఈ మాట నిన్న బాన తిప్పినప్పుడే చెప్పొచ్చుగా!" పెకోన్ గొంతు కూడా పగిలింది. "నీ ముఖంకేసి చూసీ చూసీ నా మెడ పట్టేసింది!"

"నువ్వే అడగొచ్చుగా!"

"నేనెందుకు అడగాలి?"

"మరి నేనెందుకు చెప్పాలి?"

రానిన్ వెస్నాకేసి తిరిగింది. "రోజూ ఇంతేనా?"

"రోజూ ఇంతే."

"అయితే ఉంచుకో తల్లీ. ఇద్దర్నీ నువ్వే ఉంచుకో. నాకసలే తలనొప్పి," అని రానిన్ మూట మీదే చతికిలబడింది. కూతుళ్ళు పెట్టిన కేకకి ఏటి ఒడ్డున కొంగలు లేచిపోయాయి. ఈసారి అది వెక్కిరింపు కాదు.

పండగ మొదటి గిన్నె వచ్చిన పెద్ద చుట్టానికి ఇవ్వాలి. పెకోన్ బానలో గిన్నె ముంచింది, నిండా తీసింది, తల్లి చెయ్యి చాచితే ఆ చెయ్యి దాటి నడిచింది. రెషిన్ ముందు ఆగి గిన్నె ఆమె పెదాలకి ఆనించింది. మసాతో గడ్డం మీద కారింది.

"తాగు. ఏడుస్తూ తాగకు, ఉప్పగా ఉంటుంది."

రెషిన్ ముక్కు చీదుకుని, గిన్నెని రెండు చేతులా పట్టుకుని, అడుగంటా తాగేసింది. తాగి, ఖాళీ గిన్నె వదిన ముందుకి చాచింది.

"ఇంకా పొయ్యి."